థిక్‌నెస్ ప్లేనర్: వడ్రంగి కొట్టంలోని కొత్త చిత్రిక – సురక్షిత వినియోగం, నిర్వహణ

పల్నాటి నల్లరేగడి సేద్యంలో వడ్రంగి కొట్టానికి ఉన్న స్థానాన్ని పాత తరం రైతులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. గొర్రు, గుంటక, కాడి, మేడి, జడ్డిగం, ఎద్దుల బండి – ఇవన్నీ ఆ కొట్టంలో బాడిసె, ఉలి, చిత్రికల కింద రూపు దిద్దుకొన్నవే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వెలువరించిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటం వ్యవసాయానికి సంబంధించినదే. ఆ పుటలు తిరగవేసిన విద్యార్థికి ఒక్కొక్క పనిముట్టులోని ఒక్కొక్క కర్రముక్కకు ఎన్ని పేర్లున్నవో తెలుస్తుంది. ఇప్పుడు అదే కొట్టంలోకి తెలుగు పేరు లేని యంత్రమొకటి వచ్చి చేరుతున్నది. కొందరు దానిని ‘ప్లేనింగ్ మిషన్’ అంటారు, కొందరు ‘రంధా మిషన్’ అంటారు. కంపెనీ పెట్టెమీద ఉండే పేరు థిక్‌నెస్ ప్లేనర్. పలకను ఒకే మందానికి చిత్రిక పట్టే యంత్రమని దీనిని నిర్వచించవచ్చు.

పల్నాడు జిల్లా (2022 ఏప్రిల్ 4న ఏర్పడినది) బెల్లంకొండ మండలాన్ని ఈ వ్యాసానికి నేపథ్యంగా తీసుకొనడానికి కారణమున్నది. ఒకవైపు పత్తి, మిరప సాగయ్యే నల్లనేలలు, మరొకవైపు కృష్ణానది, దానిపై 45.77 టీఎంసీల నిలువ సామర్థ్యంతో నిర్మితమైన పులిచింతల జలాశయం, నడుమ పాత కోట ఉన్న కొండ. ఇటువంటి ప్రాంతంలో వడ్రంగికి వచ్చే కలప మూడు రకాలు. గట్లమీద పెరిగిన నల్లతుమ్మ, వేప వంటి చెట్ల కలప మొదటిది. సుబాబుల్, జామాయిల్ వంటి తోటల కలప రెండవది. పెంకుటిళ్ళు తీసి స్లాబు ఇళ్ళు కట్టుకొనేటప్పుడు విప్పిన దూలాలు, ద్వారబంధాలు, తలుపులు మూడవది. ఈ మూడింటికీ మూడు రకాల ప్రమాదాలున్నవి. అమెరికా, జపాను కంపెనీల సూచన పుస్తకాలు పొడి పైను పలకను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. ఇరవై ఏళ్ళ క్రితం తీగ బిగించిన గట్టు తుమ్మ సంగతి వాటిలో ఉండదు.

వ్యవసాయ విస్తరణకు దీనితో ఏమి పని అని ప్రశ్నించేవారు ఉండవచ్చు. నూర్పిడి యంత్రాలలో చేతులు పోగొట్టుకొన్నవారి దుస్థితిని చూచిన తరువాత 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చినది. చాఫ్ కట్టరు గురించి, ట్రాక్టరు పీటీఓ షాఫ్టు గురించి మనం రైతు సదస్సులలో దశాబ్దాలుగా చెప్పుచున్నాము. అదే పెరట్లో, అదే తీగనుండి విద్యుత్తు తీసుకొని నడిచే కలప యంత్రాలను మాత్రం మన శాఖది కాదన్నట్లు విడిచిపెట్టినాము. కార్మికుల భద్రతకు ఉద్దేశించిన చట్టాలు పెద్ద మిల్లులను చూచుకొంటాయి. ఇద్దరు మనుషుల కొట్టాన్ని చూచుకొనేవారు ఎవరూ లేరు. ట్రాలీ అడుగు పలకలు, పశువుల కొట్టం తలుపులు, తేనెటీగల పెట్టెలు, పట్టు పురుగుల తట్టల చట్రాలు చేసేది ఆ ఇద్దరే.

యంత్రం చేసే పని, చేయలేని పని

యంత్రపు నిర్మాణం సరళమైనది. అడుగున నునుపైన లోహపు బల్ల, దానికి పైన మోటారుతో తిరిగే కత్తుల డ్రమ్ము, డ్రమ్ముకు ముందొకటి వెనుకొకటిగా రబ్బరు తొడుగున్న రెండు రోలర్లు ఉంటాయి. ముందు రోలరు పలకను లోనికి లాగుతుంది, వెనుక రోలరు బయటకు పంపుతుంది. ప్రక్కనున్న హ్యాండిల్ త్రిప్పినచో డ్రమ్మున్న తల భాగం పైకి క్రిందికి కదలి, పలక మందాన్ని నిర్ణయిస్తుంది. ఒకరిద్దరు మోయగలిగిన చిన్న యంత్రాలలో వెడల్పు సుమారు 300 నుండి 330 మిల్లీమీటర్లు, పట్టగల మందం 150 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. బరువు 27 నుండి 45 కిలోల వరకు ఉంటుంది.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. డ్రమ్ము నిమిషానికి 8,500 సార్లు తిరుగుచున్నదనుకొందాము. దానిలో రెండు బ్లేడులుంటే నిమిషానికి 17,000 కోతలు. పలక నిమిషానికి 8.5 మీటర్లు, అనగా 8,500 మిల్లీమీటర్లు కదలినచో ప్రతి మిల్లీమీటరుకు రెండు కోతలు పడతాయి. యంత్రం పనితనపు నునుపు ఇందులోనే ఉన్నది. ఇదే లెక్కను ఇంకొకవైపునుండి చూడండి. సెకనుకు దాదాపు 283 సార్లు బ్లేడు ఒకే చోటును దాటుతుంది. ఏదో తప్పు జరిగినదని గ్రహించి చేయి వెనుకకు తీయడానికి మనిషికి కనీసం పావు సెకను పడుతుంది. ఆ వ్యవధిలో బ్లేడు 70 సార్లు దాటిపోయి ఉంటుంది. రోలరుకు చిక్కిన చేతితొడుగు మూడున్నర సెంటీమీటర్లు లోనికి పోయి ఉంటుంది. కనుక ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ అనే మాట ఇక్కడ చెల్లదు. చేయి అక్కడికి పోకుండా ఉండే పద్ధతి కావలెను.

ఇక యంత్రం చేయలేని పని. చాలామంది వడ్రంగులు కొన్న మొదటి వారంలోనే నిరాశపడేది ఇక్కడే. వంపు తిరిగిన పలకను ఇందులో పెడితే తిన్నగా వస్తుందని భావిస్తారు. రోలర్లు పలకను బల్లకు అదిమి పట్టి ఉంచుతాయి, డ్రమ్ము పైముఖాన్ని చెక్కుతుంది, బయటకు రాగానే పలక తన పాత వంపుకు తానే తిరిగిపోతుంది. యంత్రం చేసేదల్లా పైముఖాన్ని క్రిందిముఖానికి సమాంతరం చేయడమే. క్రిందిముఖం మెలిపడి ఉంటే పైముఖమూ మెలిపడుతుంది. కనుక ఒక ముఖాన్ని ముందుగా చేతి చిత్రికతోనో, జాయింటరు యంత్రంతోనో సమతలం చేయవలెను. అవి లేనిచోట ఒక దళసరి ప్లైవుడ్ పలకపై కలపను ఉంచి, ఎత్తుపల్లాలున్న చోట్ల సన్నని చీలికలు పెట్టి కదలకుండా జేసి, ఆ రెండింటినీ కలిపి యంత్రంలోనికి పంపవచ్చును. ఆ చీలికలు కలపవే అయి ఉండవలెను, మేకులు పనికిరావు. తాత తండ్రులనాటి చిత్రికను పాత సామానులో అమ్మివేసిన వడ్రంగులు తిరిగి దానికొరకు వెదకడం ఈ వ్యాసకర్త చూచినదే.

విద్యుత్తు: తీగ లావు ప్రశ్న

చిన్న ప్లేనరు మోటారు 1,500 నుండి 2,000 వాట్లది. 230 వోల్టుల వద్ద 7 నుండి 9 ఆంపియర్లు తీసుకొంటుంది, ప్రారంభంలో అంతకంటె ఎక్కువ. దీనికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అవసరం. అయితే గ్రామాలలో పని ఇంటిలోపల జరుగదు. చెట్టుక్రింద జరుగుతుంది. అక్కడికి తీగ లాగుతారు. ఆ తీగ తరచుగా పెళ్ళి పందిరి దీపాలకు వాడినది.

0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను 50 మీటర్లు లాగినచో పోను రాను 100 మీటర్లకు నిరోధం సుమారు 2.45 ఓములు. 8 ఆంపియర్ల వద్ద దాదాపు 20 వోల్టులు తీగలోనే పోతాయి. సుమారు 157 వాట్ల వేడి తీగలో పుడుతుంది. తీగను చుట్టగానే వదలివేస్తే ఆ వేడి పోయే దారి లేక పైతొడుగు కరుగుతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం ఆరు వోల్టులు మాత్రమే. అసలే సాయంత్రపు వేళ వోల్టేజి తగ్గే ఊళ్ళలో ఈ తేడా మోటారు ప్రాణానికి సంబంధించినది. వోల్టేజి తగ్గితే డ్రమ్ము వేగం తగ్గుతుంది, కోత బరువవుతుంది, పలక మధ్యలో ఆగుతుంది. ఆగిన పలకను చేతితో నెట్టే ప్రయత్నం మొదలవుతుంది. ప్రమాదానికి మొదటి మెట్టు తీగ దగ్గర పడుతుందన్న సంగతి శిక్షణలో గట్టిగా చెప్పవలసినది. వ్యవసాయ మోటారు కనెక్షనునుండి ఈ యంత్రానికి విద్యుత్తు తీసుకొనడం నిబంధనలకు విరుద్ధం. పైగా స్టార్టరు పెట్టెలో తీగలు గుచ్చి లాగే అలవాటు ప్రాణాంతకం.

కలపను ముందు చదవవలెను

గట్లమీద చెట్లకు కంచె తీగలు బిగించడం, పశువుల పలుపుకు మేకులు కొట్టడం, బోర్డులు తగిలించడం మన గ్రామాలలో సర్వసాధారణం. చెట్టు లావెక్కేకొలది ఆ ఇనుము లోపలకు పోతుంది. పైన చూస్తే బెరడు తప్ప ఏమీ కనబడదు. కోసిన పలకపై నీలి నలుపు మరక కనబడినచో, ముఖ్యంగా తుమ్మలో, లోపల ఇనుమున్నదని అనుమానించవలెను. తుమ్మలోని టానిన్లు ఇనుముతో కలిసినచో ఆ రంగు ఏర్పడుతుంది. చేతిలో పట్టుకొనే చిన్న లోహ శోధకం లేకపోయినను, దారానికి కట్టిన బలమైన అయస్కాంతాన్ని పలకకు దగ్గరగా నడిపించినచో పైపైన ఉన్న మేకులు తెలిసిపోతాయి. లోతున ఉన్నవి తెలియకపోవచ్చును. ఒక్క మేకు తగిలితే బ్లేడులన్నీ గాటుపడతాయి. విరిగిన ఇనుపముక్క ఎటు పోవునో ఎవరూ చెప్పలేరు.

పాత ద్వారబంధాల సంగతి మరికొంత లోతైనది. వాటిలో మేకులు, స్క్రూలు ఉంటాయన్నది అందరికీ తెలిసినదే. రంగు సంగతి తెలిసినవారు తక్కువ. గృహాలకు వాడే రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదనే నియమం మన దేశంలో 2017 నవంబరు 1నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు తలుపుల పచ్చరంగు, పసుపురంగు పొరలలో సీసం ఉండే అవకాశమున్నది. అటువంటి తలుపును ప్లేనరులో పెట్టడమంటే సీసపు ధూళిని గాలిలోనికి వెదజల్లడమే. ఆ కొట్టంలోనే వడ్రంగి పిల్లలు ఆడుకొంటారు, అక్కడి పొట్టునే కోళ్ళ క్రింద పరుస్తారు. పాత రంగున్న కలపను యంత్రానికి ఎక్కించరాదు. రంగును తడిపి, గీకి తీసి, ఆ గీకుడును విడిగా మూటకట్టి పారవేసిన తరువాతనే మిగిలిన మాట.

మట్టి, ఇసుక అంటిన పలకను తీగ బ్రష్షుతో శుభ్రపరచవలెను. బండిమీద తెచ్చిన కలపలో రేగడి ఎండి పగుళ్ళలో ఇరుక్కొని ఉంటుంది. ఇసుక రేణువు ఉక్కును అరగదీస్తుందన్న విషయం కత్తి నూరుకొనే ప్రతి ఒక్కరికీ తెలుసు.

తరువాత తేమ. పచ్చికలపను చిత్రిక పట్టి ఆనందపడిన వడ్రంగి నెల తరువాత తలుపు బిగుసుకొన్నదనే ఫిర్యాదు వింటాడు. పచ్చిపొట్టు బరువుగా, తడిగా ఉండి గొట్టంలో ఇరుక్కొంటుంది. ఇరుక్కొన్న పొట్టు ఏమి చేయునో క్రింద చూడగలము. తేమశాతాన్ని మన కళాశాలల ప్రయోగశాలలో సులభంగా కొలువవచ్చును. పలక చివరనుండి కాక కొంత లోపలనుండి చిన్న ముక్క తీసి తూచి, 103 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెనులో బరువు స్థిరపడువరకు ఆరబెట్టి మరల తూచవలెను. పచ్చిబరువు 60 గ్రాములు, ఎండుబరువు 50 గ్రాములు అయినచో తేమ 20 శాతం. భాగించవలసినది ఎండు బరువుతో అన్నది గుర్తుంచుకొనవలెను. ధాన్యపు తేమకు తడి బరువుతో లెక్కించే అలవాటున్న విద్యార్థులు ఇక్కడ తప్పుచేస్తారు. తలుపులు, సామానులకు 12 శాతం ప్రాంతానికి దిగిన కలపను మాత్రమే చివరి మందానికి తేవలెను.

జాతినిబట్టి ప్రవర్తన మారుతుంది. నల్లతుమ్మ గట్టిది. ఒకసారికి అర మిల్లీమీటరు కంటె ఎక్కువ తీయబోతే యంత్రం మూలుగుతుంది. వేపలో నార అటొకటి ఇటొకటిగా అల్లుకొని ఉండడంవలన ఎటునుండి పంపినను కొంత నార లేచిపోతుంది. పదునైన బ్లేడు, పలుచని కోత తప్ప వేరే మందు లేదు. టేకు చూడడానికి మెత్తనైనను దానిలోని సిలికా బ్లేడును త్వరగా మొద్దుబారుస్తుంది. జామాయిల్ కోసిన వెంటనే తన లోపలి ఒత్తిడితో వంగిపోతుంది, దానిని ఆరబెట్టి, వంగవలసినంత వంగనిచ్చి తరువాత పట్టవలెను. సుబాబుల్ ఈ యంత్రానికి బాగా లొంగే కలప. కాగితపు గుజ్జుకు టన్నుల లెక్కన అమ్ముకొనే రైతుకు లావైన దుంగలను వేరుచేసి పలకలుగా మార్చుకొనే దారి ఇందులో ఉన్నదని నా అభిప్రాయం. అయితే ఏ చెట్టునైనా కొట్టేముందు 2002 నాటి వాల్టా చట్టం క్రింద అనుమతి అవసరమా కాదా అన్నది ఆయా జాతినిబట్టి సంబంధిత అధికారులవద్ద తెలిసికొనవలెను.

నడిపేవేళ

యంత్రాన్ని గట్టి బల్లకు బోల్టులతో బిగించవలెను. ట్రాక్టరు ట్రాలీలో పెట్టి అక్కడే నడపడం చూచినాము, అది కూడదు. పలక పొడవునకు సరిపడా ముందు, వెనుక ఖాళీ ఉండవలెను. మూడు మీటర్ల పలకకు మొత్తం ఏడు మీటర్ల చోటైనా కావలెను. గోడకు తగిలి ఆగిన పలక, మనిషికి తగిలి ఆగిన పలక ఒకే రకమైన ప్రమాదాన్ని కలిగిస్తాయి.

నడిపేవాని దుస్తుల గురించి పుస్తకాలలో ఉన్న ‘వదులు దుస్తులు వద్దు’ అన్న ఒక్క వాక్యం మనకు చాలదు. మనవద్ద అది లుంగీ, మెడలోని తువ్వాలు, మణికట్టుకు కట్టిన మొక్కుబడి దారం, చేతి కడియం, సాయపడేందుకు వచ్చిన ఇల్లాలి చీరకొంగు, జడ. వీటిలో ప్రతిదానినీ పేరు పెట్టి చెప్పవలెను. దారం తీయడానికి కొందరు ఇష్టపడరు. అటువంటివారిని నొప్పించక, పని ముగిసేవరకు పొట్టిచేతుల చొక్కాతోను, దారాన్ని మోచేతి పైకి జరిపి గట్టిగా కట్టుకొని పనిచేయమనవచ్చును. చేతితొడుగులు పలకలు మోసేటప్పుడు మంచివే, నడుస్తున్న యంత్రం వద్ద మాత్రం తీసివేయవలెను. రోలరు చర్మాన్ని జారవిడువవచ్చు, గుడ్డను వదలదు.

పలక వెనుక నిలబడరాదు, ప్రక్కన నిలబడవలెను. డ్రమ్ము పలకను వెనుకకు విసిరివేయగలదు. తల వంచి లోపలకు చూడరాదు. రోలర్ల నడుమ దూరంకంటె పొట్టి ముక్క రెండింటికీ అందక గాలిలో ఎగురుతుంది. కంపెనీ చెప్పిన కనీసపు పొడవును పాటించవలెను. సూచన పుస్తకం పోగొట్టుకొన్నవారు 350 మిల్లీమీటర్లకు తక్కువైన ముక్కను పెట్టకపోవడం క్షేమం. పొట్టి ముక్కలు కావలసినచో పొడవైన పలకను ముందు చిత్రిక పట్టి తరువాత కోసికొనవలెను. రెండు పలకలను ప్రక్కప్రక్కన ఒకేసారి పంపరాదు. మందంలో తేడా ఉన్నచో పలుచనిది పట్టు తప్పుతుంది.

వెడల్పైన గట్టి పలకకు ఒక దఫాకు అర నుండి ఒక మిల్లీమీటరు, ఇరుకైన మెత్తని పలకకు గరిష్ఠంగా ఒకటిన్నర. యంత్రంపై మూడు మిల్లీమీటర్లని వ్రాసి ఉండవచ్చును. అది యంత్రపు గరిష్ఠ సామర్థ్యమే, రోజువారీ పనికి కొలత కాదు. పలకలో అన్నిటికంటె మందమైన చోటును కొలిచి అక్కడినుండి మొదలుపెట్టవలెను.

పలక రెండు చివరలలోను రెండు మూడు అంగుళాల మేర కొంచెం లోతుగా గుంటపడడం ఈ యంత్రాలకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పలక ఒక్క రోలరు పట్టులోనే ఉన్నపుడు రెండవ చివర క్రిందికి వ్రేలాడి, ఈ చివర పైకి లేవడమే కారణం. ముందు వెనుక ఆధారపు బల్లల బయటి అంచులను ఒక మిల్లీమీటరు పైకి ఎత్తి ఉంచినచో చాలావరకు తగ్గుతుంది. పలకలను ఒకదాని వెనుక ఒకటి తాకిస్తూ పంపడం ఇంకొక ఉపాయం. ఏదీ కుదరనిచో రెండు చివరల మూడేసి అంగుళాలు అదనంగా ఉంచి తరువాత కోసివేయవలెను.

ఇరుక్కొన్న పొట్టు

మండలంలోని ఒక గ్రామంలో మేము కలిసికొన్న ఒక వడ్రంగి కుడిచేతి చూపుడువ్రేలు, మధ్యవ్రేలు పైకణుపులు లేవు. కోత జరుగుచున్నపుడు కాదు, పొట్టు తీయబోయి పోయినవి. పచ్చివేప పొట్టు గొట్టం మూతిలో ఇరుక్కొన్నది. స్విచ్చి ఆపినాడు. డ్రమ్ము శబ్దం తగ్గినది కాని తిరగడం ఆగలేదు. “ఆగిందనుకున్నానయ్యా. పదిసార్లు అట్టాగే తీశా. ఆ పూట మాత్రం ఆగలా” అన్నాడు. ప్రతిసారీ ప్లగ్గు తీయవచ్చు గదా అని మా వెంట వచ్చిన విద్యార్థి అడిగితే నవ్వి, “పది నిమిషాలకోసారి ప్లగ్గు పీకుతా కూచుంటే పని సాగుద్దా బాబూ?” అన్నాడు.

ఆయన ప్రశ్నకు సమాధానం ప్లగ్గు తీయమని మరల చెప్పడం కాదు. పది నిమిషాలకోసారి పొట్టు ఎందుకు ఇరుక్కొనుచున్నదో కనుగొనడం. పచ్చికలప, మొద్దుబారిన బ్లేడు, లోతైన కోత, సన్నని గొట్టం – ఈ నాలిగింటిలో ఒకటో రెండో ఉండకుండా పొట్టు ఇరుక్కోదు. గొట్టం కనీసం 100 మిల్లీమీటర్ల వ్యాసంతో, మలుపులు తక్కువగా ఉండి, దుమ్ము లాగే ఫ్యానుకు కలిపి ఉన్నచో పూటకు ఒకసారి కూడా విప్పనక్కరలేదు. అప్పుడు ఆ ఒక్కసారికి ప్లగ్గు తీయమంటే తీస్తాడు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి జేబులోనో, కళ్ళముందో ఉంచుకొని, డ్రమ్ము పూర్తిగా నిలిచినదని చూచి, అప్పుడు కర్రపుల్లతో పొట్టు తీయవలెను. వ్రేలితో తీయడమన్నది ఏ స్థితిలోను లేదు.

ప్రమాదమే జరిగినచో ఏమి చేయవలెనో ముందే తెలిసి ఉండవలెను. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేయి పైకెత్తి ఉంచవలెను. తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి, ఆ సంచిని ఐసులో పెట్టవలెను. తెగిన భాగాన్ని నేరుగా ఐసులోను, నీటిలోను వేయరాదు, కణజాలం చెడిపోతుంది. పసుపు, కాఫీపొడి అద్దరాదు. 108కి ఫోను చేసి, తెగిన భాగం మనవద్ద ఉన్నదని మొదటే చెప్పినచో ఏ ఆసుపత్రికి తీసికొని పోవలెనో నిర్ణయించుకొనడానికి వీలవుతుంది.

చెవి, ఊపిరి

వ్రేలు తెగితే ఊరంతా చూస్తుంది. చెవుడు, ఊపిరితిత్తుల జబ్బు ఎవరికీ కనబడకుండా వస్తాయి. పలక లోపల ఉండగా ఈ యంత్రాల శబ్దం 95 డెసిబెల్లు దాటడం సాధారణం. 85 డెసిబెల్ల వద్ద ఎనిమిది గంటలు పనిచేయవచ్చుననే ప్రమాణాన్ని తీసికొని, మూడు డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల వ్యవధి సగమగునని లెక్కించినచో, 97 డెసిబెల్ల వద్ద దినానికి అరగంట మాత్రమే. చెవులకు మఫ్‌లు లేకుండా పూటంతా పనిచేసేవాడు తన వినికిడిని అప్పుపెట్టి పనిచేస్తున్నట్లే లెక్క.

కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. ముక్కు లోపలి గదులలో వచ్చే అరుదైన క్యాన్సరుకు గట్టి కలప దుమ్ముతో సంబంధమున్నది. మూతికి తువ్వాలు చుట్టుకొనడంవలన పెద్ద పొట్టు ఆగుతుంది గాని సన్నని దుమ్ము ఆగదు. ఎన్95 రకపు మాస్కు కావలెను. పురుగుమందు చల్లే రైతుకు మనం చెప్పే మాటే ఇది. వినేవాడు మాత్రమే మారినాడు.

దుమ్ముకు నిప్పు భయమూ ఉన్నది. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు కళ్ళాలలో మిరపకాయలు ఆరుతుంటాయి, ప్రక్కనే పత్తికట్టె కుప్పలుంటాయి. అటువంటి చోట మేకు తగిలి లేచిన నిప్పురవ్వ చాలును. బీడీ సంగతి చెప్పనే అక్కరలేదు. పొట్టును ఏ పూటకాపూట తీసి దూరంగా ఉంచవలెను. రంగు, మందు పూత లేని శుభ్రమైన పొట్టు కోళ్ళ క్రింద పరుపుగా పనికివస్తుంది. నేరుగా పొలంలో కలిపితే మాత్రం దానిలో కర్బనం మిక్కుటం, నత్రజని స్వల్పం అగుటచే నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులు లాగుకొని పైరు పసుపుబారుతుంది. పేడతో కలిపి కుళ్ళబెట్టి వాడవలెను.

నిర్వహణ

బ్లేడు మొద్దుబారినదనడానికి గుర్తులు చూపుకంటె ముందు చెవికి తెలుస్తాయి. శబ్దం గరగరమంటుంది, పలక నెమ్మదిస్తుంది, పైముఖం నునుపుగా కాక కమిలినట్లు మెరుస్తుంది. పలక పొడవునా సన్నని గీత లేచినట్లుంటే బ్లేడులో గాటు ఉన్నదని అర్థం. రెండు బ్లేడులున్న యంత్రంలో ఒక బ్లేడును వెంట్రుకవాసి ప్రక్కకు జరిపి ఆ గీతను పోగొట్టడం తాత్కాలికపు ఉపాయం.

మార్చేటప్పుడు అన్ని బ్లేడులూ ఒకేసారి మార్చవలెను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయినచో బరువులో తేడా వచ్చి డ్రమ్ము అదురుతుంది, బేరింగులు పోతాయి. నూరించేటప్పుడు కూడా జతగానే నూరించి, తూకంలో సమానంగా ఉన్నవో లేవో తూచి చూడవలెను. బంగారం తూచే చిన్న త్రాసు దీనికి చాలు. కొన్ని యంత్రాల బ్లేడులు రెండువైపులా పదును గలవి, త్రిప్పి వేసికొని తరువాత పారవేయవలసినవి. వాటిని నూరరాదు, వెడల్పు తగ్గి బిగింపు సడలుతుంది. స్క్రూలను మధ్యనుండి చివరలకు కొంచెం కొంచెంగా బిగించి, అన్నీ అయిన తరువాత మరొకసారి మొదటినుండి చూడవలెను. నిమిషానికి 8,500 సార్లు తిరిగే డ్రమ్ములో సడలిన బ్లేడు తుపాకి గుండుకంటె తక్కువ కాదు. బిగించిన తరువాత ప్లగ్గు పెట్టకముందే డ్రమ్మును కర్రముక్కతో ఒక చుట్టు త్రిప్పి, ఎక్కడా తగులుట లేదని నిశ్చయించుకొనవలెను. మొదటిసారి స్విచ్చి వేసినపుడు యంత్రానికి ప్రక్కకు తప్పుకొని ఒక నిమిషం ఖాళీగా తిరుగనీయవలెను.

బల్లపై కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో తుడిచినచో పలక సులభంగా జారుతుంది. నూనె పూయరాదు, అది కలపకు అంటి తరువాత పాలిష్ పట్టదు. తల భాగాన్ని పైకి క్రిందికి నడిపే స్తంభాలకు, మరలకు జిడ్డు గ్రీజు పూస్తే పొట్టు అంటుకొని ముద్ద అవుతుంది. పొడిరకపు కందెన వాడవలెను. రబ్బరు రోలర్లను తడిగుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలుతో, కిరోసినుతో తుడిచినచో రబ్బరు ఉబ్బి పగులుతుంది. రోలరు జారుతుంటే వడ్రంగి పలకను నెట్టడం మొదలుపెడతాడు. కనుక రోలరు శుభ్రత కూడా చేతి భద్రతలో భాగమే. బ్లేడుకు పట్టిన జిగురును ప్లగ్గు తీసినపిదప మాత్రమే తీయవలెను.

కార్బన్ బ్రష్షులు ఆరు మిల్లీమీటర్లకు లేక వాటిపైని గీతకు అరిగినపుడు జతగా మార్చవలెను. మోటారు గాలి రంధ్రాలలో చేరిన దుమ్మును వారానికొకసారి ఊదివేయవలెను. వానాకాలంలో నది ఒడ్డు గ్రామాలలో బల్ల తుప్పుపట్టకుండా మైనం పూసి, గోనెసంచి గాక గాలి ఆడే పొడి గుడ్డ కప్పి ఉంచవలెను. గోనె తేమను పీల్చి బల్లమీదనే నిలుపుతుంది.

కొనుగోలు, శిక్షణ

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల ఋణం ఆ పథకంలో ఉన్నవి. 15,000 రూపాయలు మంచి ప్లేనరుకు చాలవు. ఋణంతో కొనేవారు యంత్రం వెలతోపాటు దుమ్ము లాగే ఫ్యాను, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఒక అదనపు బ్లేడుల జత, చెవి మఫ్‌ల వెల కూడ కలిపి అంచనా వేసికొనవలెను. ఇద్దరు ముగ్గురు వడ్రంగులు కలిసి ఒక యంత్రాన్ని కొనడం లాభసాటి. అయితే ఉమ్మడి యంత్రానికి ఒక పుస్తకం కట్టి వ్రేలాడదీయవలెను. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు నడిపినారు, ఏ కలప పట్టినారు, బ్లేడు ఎప్పుడు మార్చినారు, చివర స్క్రూలు బిగించి చూచినవారెవరు అన్నవి వ్రాయవలెను. అందరిదీ అనుకొన్న యంత్రపు స్క్రూలను ఎవరూ చూడరు.

శిక్షణ ఇచ్చే శాస్త్రవేత్తలు ఉపన్యాసంతో మొదలుపెట్టక, వడ్రంగుల చేతనే ఒక పని చేయించవలెను. యంత్రాన్ని నడిపి, పలక లేకుండా స్విచ్చి ఆపి, శబ్దం తగ్గినప్పటినుండి డ్రమ్ము పూర్తిగా నిలుచువరకు ఎన్ని సెకనులు పట్టునో గడియారంతో కొలిచి, ఆ అంకెను సుద్దతో యంత్రంమీదనే వ్రాయించవలెను. ఒక్కొక్క యంత్రానికి అది ఒక్కొక్క విధంగా ఉంటుంది. బెల్లంకొండ మండలపు ఆ కొట్టంలో మేమాపని చేయించినప్పుడు ఆ వడ్రంగి గడియారం వంక కాక తన చేతివంక చూచుకొన్నాడు. తరువాత సుద్దముక్క తీసికొని అంకెను తానే వ్రాసినాడు.